పిల్లలకు చేను చూపే రోజు



చలికాలం వచ్చిందంటే మన మరాఠ్వాడాలో ఊళ్ళ పొలిమేరల్లో కొత్త కొత్త బోర్డులు లేస్తున్నాయి. ‘హుర్డా పార్టీ’, ‘కృషి పర్యటన కేంద్రం’ అని వాటి మీద రాసి ఉంటున్నది. తలకు ఇంత అని డబ్బు కడితే పొద్దున్నుండి సాయంత్రం దాకా కుటుంబాన్నంతా చేన్లో ఉండనిస్తారు. పిల్లలను ఎడ్లబండి ఎక్కిస్తారు, మంచె ఎక్కిస్తారు, మేకపిల్లను చేతికిస్తారు. లేత జొన్న కంకులను పిడకల నిప్పుల్లో కాల్చి, అరచేతుల్లో నలిపి, వేడివేడి గింజలను బెల్లంతో, పల్లీల చట్నీతో పెడతారు. తెలంగాణ పల్లెల్లో మనం ఊసబియ్యం అనేది ఇదే. మన తాతలు గట్టు మీద కూర్చుని ఊరికే తిన్నది ఇప్పుడు టికెట్టు మీద దొరుకుతున్నది.

దీని గురించి మన కార్మికుల్లో రెండు మాటలు వినబడుతున్నాయి. “అది డబ్బున్నోళ్ళ సరదా, మనకెందుకు?” అనేది మొదటి మాట. “చేన్లో బతకలేకనే కదా మిల్లుకు వచ్చినం. మా నాయన ఆ మట్టిలోనే అరిగిపోయిండు. ఆ మట్టిని చూడటానికి మళ్ళీ పైసలు కట్టాల్నా?” అనేది రెండో మాట. రెండింటిలోనూ నిజం ఉన్నది. అయినా చిన్నపిల్లలున్న ప్రతి కార్మిక కుటుంబమూ ఏడాదికి ఒక్కరోజైనా తల్లీ తండ్రీ పిల్లలూ కలిసి చేన్లో గడపాలని నా అభిప్రాయం. అది విలాసం కాదు. ఆ రోజు మనకు అందకుండా పోతున్నది టికెట్టు ధర వల్ల అని చాలామంది అనుకుంటున్నారు. అసలు అడ్డం టికెట్టు కాదు, సెలవు. ఆ సంగతి విడమరచి చెప్పటానికే ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

ముందు ఈ బోర్డుల సంగతి. మహారాష్ట్రలో దీన్ని ఒక పద్ధతిగా మొదలుపెట్టినవారు పాండురంగ తావరే. 2005లో బారామతి దగ్గరి పళశీవాడీలో మొదటి కేంద్రం నడిచింది. పంట చేతికి రాని రోజుల్లో రైతుకు ఇంకో ఆదాయం ఉండాలి, పట్నం పిల్లలకు పల్లె తెలియాలి అనేది ఆలోచన. 2020లో రాష్ట్ర ప్రభుత్వం దీనికి ఒక విధానమే ప్రకటించింది. అంటే ఇది దొంగచాటు వ్యాపారం కాదు, రైతుకు చట్టబద్ధమైన ఆసరా. 2025 ఆగస్టులో మన జిల్లా ముఖేడ్ తాలూకాలో వరద ఊళ్ళను ముంచింది. సెప్టెంబరులో మరాఠ్వాడా అంతటా సోయా, పత్తి చేలు నీళ్ళలో కుళ్ళిపోయాయి. అటువంటి రైతు చేతిలో చలికాలంలో నాలుగు డబ్బులు పడితే మనకెందుకు కడుపుమంట? ఆ డబ్బు రైతు చేతిలోనే పడుతున్నదా, లేక పొలాన్ని కౌలుకు తీసుకుని హోటలు నడిపే పట్నం సేటు గల్లాలో పడుతున్నదా అనేది మాత్రం మనం చూసుకోవాలి.

ఇక మన పిల్లల సంగతి. మిల్లు కార్మికుల పిల్లలకు దూది తెలుసు. నాన్న చొక్కాకు అంటుకుని, అమ్మ జుట్టులో చిక్కుకుని అది రోజూ ఇంటికి వస్తుంది. కండె తెలుసు, కోను తెలుసు, షిఫ్టు సైరను తెలుసు. కాని దూది ఎక్కడినుండి వస్తుందిరా అని అడిగితే, గోదాం నుండి అంటారు. పత్తిచెట్టును దగ్గరగా చూసిన పిల్లలు మన బస్తీల్లో ఎంతమంది ఉన్నారో మీ ఇళ్ళల్లోనే అడిగి చూడండి.

మనం నిలబడ్డ నేల ఎటువంటిది? నాందేడ్ పేరు పత్తి పేరు. ఇక్కడి గావరానీ దేశవాళీ పత్తికి నిజాం కాలంలోనే పేరుండేది. ఆ పత్తి కోసమే ఇక్కడ ఉస్మాన్‌షాహీ మిల్లు లేచింది. అటు వరంగల్లో 1934లో ఆజంజాహి మిల్లు లేచింది. ఆ రెండు మిల్లుల చప్పుడూ ఆగిపోయి చాలా ఏళ్ళయింది. మన నాందేడ్ పత్తి పరిశోధన కేంద్రం 1980లలో ఇచ్చిన ఎన్.హెచ్.హెచ్.-44 సంకరం మన రాష్ట్రం దాటి కూడా రైతుల చేలల్లో పండింది. ‘నాందేడ్-44’ అంటే గుర్తుపట్టే రైతులు ఇప్పటికీ ఉన్నారు. 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక అది వెనకబడింది. మన ఊరి పేరు మోసిన గింజ సంగతి మన ఊరి పిల్లలకు తెలియకపోవటం మంచిదా?

ఒక్క పూట పత్తిచేన్లో నిలబెడితే ఎన్ని తెలుస్తాయో చూడండి. ఈరోజు లేతపసుపుగా విచ్చిన పువ్వు రేపటికి గులాబి రంగుకు తిరుగుతుంది. పువ్వు కాయై, కాయ పగిలి తెల్లగా విచ్చుకోవటానికి నెలన్నర పైనే పడుతుంది. విచ్చిన కాయలోంచి పత్తి తీసి పిల్లవాడి చేతిలో పెట్టండి. గింజ చుట్టూ పోగులు పట్టుకుని ఉంటాయి. ఆ పోగులను మెల్లగా లాగుతూ వేళ్ళతో మెలిపెట్టమనండి. దారం వస్తుంది! “మీ అమ్మ రింగ్‌ఫ్రేము మీద చేసేది ఇదే పని. ఈ మెలికనే మేము పురి అంటాం” అని చెప్పండి. రింగ్‌ఫ్రేమ్ ఖాతాలో ఏళ్ళ తరబడి పనిచేసినవాడిగా చెబుతున్నాను, మా పని ఏమిటో పిల్లలకు అర్థం చేయించటానికి ఇంతకంటె సులువైన దారి నాకు కనబడలేదు.

లెక్క కూడా చెప్పండి. క్వింటాలు పత్తి జిన్నింగుకు వెళితే దూది వచ్చేది సుమారు 34 కిలోలే. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం గింజ. 2025-26లో కేంద్రం మధ్యరకం పత్తికి క్వింటాలుకు 7,710 రూపాయలు, పొడుగు పింజకు 8,110 రూపాయలు మద్దతు ధర పెట్టింది. అదే ఏడు ఆగస్టు 19 నుండి డిసెంబరు 31 దాకా విదేశీ పత్తి మీద ఉన్న 11 శాతం సుంకం ఎత్తివేసింది. మిల్లుకు పత్తి చౌకగా దొరికితేనే మీ నౌకరి నిలుస్తుందని మనకు చెబుతారు. బయటి పత్తి వచ్చి పడితే మా గతేమిటని రైతు అడుగుతాడు. ఈ రెండు మాటలూ ఒకే మూట గురించి. రైతు ఎదురుగా కూర్చుని అన్నం తిన్న కార్మికుడికి ఈ సంగతి పేపరు చదివితే అర్థమైనదానికంటె ఎక్కువ అర్థమవుతుంది. పిల్లవాడికి పదేళ్ళప్పుడు కాకపోయినా ఇరవై ఏళ్ళకు గుర్తుకొస్తుంది.

ఇక డబ్బు సంగతి. తలకు 500 రూపాయలు అనుకుందాం. నలుగురికి 2,000. కాంట్రాక్టు కార్మికునికి అది నాలుగైదు రోజుల కూలి. కట్టలేడు, నిజమే. కాని మన ప్రాంతంలో టికెట్టు లేని చేను పండుగ ఒకటి ఈ బోర్డుల కంటె ఎంతో ముందునుండి ఉన్నది. అదే వేళా అమావాస్య. మార్గశిర మాసం చివర వచ్చే అమావాస్య. లాతూరు, ధారాశివ్ జిల్లాల్లో, మన నాందేడ్‌లో ఆ వైపు తాలూకాల్లో, అటు కర్ణాటకలో బీదర్, కలబురగి దాకా ఆ రోజు రైతు కుటుంబాలన్నీ చేలల్లోనే ఉంటాయి. జొన్న చొప్పతో చిన్న గుడిసె కట్టి పూజ చేస్తారు. శనగాకు, కంది, బఠాణీ, చిక్కుడు కలిపి భజ్జీ వండుతారు. మజ్జిగ, జొన్నపిండితో అంబిల్ కాస్తారు. అది మన అంబలికి చుట్టమే. దారిన పోయేవాణ్ణి కూడా పిలిచి కూర్చోబెట్టి పెడతారు. కులం అడగరు, భాష అడగరు. లాతూరు పట్నంలో ఆ రోజు బజారు బోసిపోతుంది, జనమంతా చేలకు పోతారు. అక్కడ కలెక్టరు స్థానిక సెలవు ప్రకటించే ఆనవాయితీ కూడా ఉన్నది.

మనలో చాలామందికి బిలోలి, దెగలూరు, ధర్మాబాద్ వైపు చుట్టాలున్నారు. రాష్ట్రం హద్దు దాటితే నిజామాబాద్, నిర్మల్ జిల్లాల్లో అన్నదమ్ములున్నారు. ఎకరమో రెండెకరాలో ఉన్నవాళ్ళే. మనకు చేను కొరత లేదు. పిలిచేవాళ్ళ కొరతా లేదు. మరి ఎందుకు పోలేకపోతున్నాం?

సెలవు లేక. ఇంకా సరిగ్గా చెప్పాలంటే, ఇద్దరికీ ఒకేనాడు సెలవు లేక.

మొగుడికి ఒక మిల్లులో మంగళవారం సెలవు. పెళ్ళానికి ఇంకో మిల్లులో శుక్రవారం. పిల్లలకు బడి సెలవు ఆదివారం. ఇంట్లో నలుగురున్నారు కాని నలుగురికీ కలిసిన రోజు నెలకు ఒక్కటి కూడా లేదు. తండ్రి రాత్రి షిఫ్టు చేసి వచ్చి పడుకుంటే “చప్పుడు చేయకండిరా” అని తల్లి పిల్లలను వీధిలోకి తరుముతుంది. ఒకే ఇంట్లో ఉంటూ తండ్రిని నిద్రలోనే చూసే పిల్లలు మన బస్తీల్లో ఉన్నారు. ఇటువంటి ఇంటికి టికెట్టు ఉచితంగా ఇచ్చినా ఉపయోగం లేదు.

సెలవు అనేది మనకు ఎవరో దయతో ఇచ్చినది కాదు. ఈ చరిత్ర మన కుర్రకార్మికులు తెలుసుకోవాలి. ఈ దేశంలో మిల్లుల మీద వచ్చిన మొదటి చట్టం 1881 నాటిది. అప్పుడు పసిపిల్లలు కూడా మిల్లుల్లో పనిచేసేవారు. 7 ఏళ్ళలోపు పిల్లలను పెట్టుకోవద్దనీ, 12 ఏళ్ళలోపు వారిచేత రోజుకు 9 గంటలకు మించి చేయించవద్దనీ, వాళ్ళకు నెలకు 4 రోజులు సెలవు ఇవ్వాలనీ ఆ చట్టం చెప్పింది. చట్టంలో మొట్టమొదటి సెలవు పిల్లల పేరున వచ్చింది! పెద్దలకు అదీ లేదు. 1884లో ముంబయిలో నారాయణ మేఘాజీ లోఖండే కార్మికులను కూడగట్టి, వారానికి ఒకరోజు సెలవు కావాలని 5,500 మంది సంతకాలతో అర్జీ పెట్టించాడు. ఆయన నడిపిన ‘దీనబంధు’ పత్రికను నిలబెట్టినవారిలో ముంబయి కామాటిపురా తెలుగువారు కూడా ఉన్నారు. ఆరేళ్ళ పోరాటం తర్వాత 1890 జూన్ 10న మిల్లు యజమానులు ఆదివారం సెలవుకు ఒప్పుకున్నారు. మరుసటి ఏడు, 1891లో, వారపు సెలవు చట్టంలోకి ఎక్కింది.

స్వతంత్రం వచ్చాక 1948 ఫ్యాక్టరీల చట్టం దాన్ని గట్టిపరచింది. వారపు సెలవునాడు పని చేయించుకుంటే, దానికి బదులు సెలవు ఆ నెలలోగాని తర్వాతి రెండు నెలల్లోగాని ఇవ్వాలన్నది. 240 రోజులు పనిచేసినవారికి 20 రోజులకు 1 రోజు చొప్పున జీతంతో సెలవు ఇచ్చింది. 2025 నవంబరు 21న అమల్లోకి తెచ్చిన కొత్త కార్మిక కోడ్ ఆ 240 రోజులను 180కి దించింది. ఏడాదిలో సగంరోజులు మాత్రమే పని దొరికే కాంట్రాక్టు కార్మికునికి ఇది పనికివచ్చే మార్పే, దాన్ని మనం అడిగి తీసుకోవాలి. కాని అదే ఏడు సెప్టెంబరులో మన రాష్ట్ర మంత్రివర్గం ఫ్యాక్టరీల్లో రోజు పని హద్దును 9 గంటల నుండి 12కు పెంచే సవరణకు ఆమోదం తెలిపింది. వారానికి 48 గంటలు దాటదు కదా, నాలుగు రోజులు చేస్తే మూడు రోజులు ఇంట్లో ఉండవచ్చు కదా అని కొందరు తియ్యగా చెబుతున్నారు. ఓవర్‌టైము లేనిదే కిరాయి కట్టలేనివాడు మూడు రోజులు ఇంట్లో కూర్చుంటాడా? పన్నెండు గంటలు నిలబడి వచ్చినవాడు సెలవునాడు పిల్లలను బండెక్కించుకుని పోతాడా, మంచానికి అడ్డంగా పడతాడా? గంటలు పెంచినచోట సెలవు కాగితం మీదనే మిగులుతుంది.

అందుకే ఈ విషయాన్ని సరదా కింద తీసేయవద్దంటున్నాను. జీతం ఎంత పెరిగిందో కాగితంలో కనబడుతుంది. పిల్లవాడితో గడిపిన రోజు ఏ కాగితంలోనూ కనబడదు. కనబడదు కాబట్టి యాజమాన్యం ముందు బల్ల మీద మనమూ దాన్ని పెట్టటం మరచిపోతున్నాం. ఇకమీదట పెట్టాలి.

పోయేవారికి కొన్ని జాగ్రత్తలు చెబుతాను. అక్టోబరు నుండి జనవరి దాకా పత్తి తీత, డిసెంబరు, జనవరిల్లో ఊసబియ్యం. పిల్లలకు దీపావళి బడి సెలవులు పత్తి తీసే రోజుల్లోనే వస్తాయి. అర్ధాపూర్ వైపు పోతే అరటితోటలు, పసుపు చేలు కూడా చూపించవచ్చు. పత్తిచేన్లోకి దిగేముందు మందు ఎప్పుడు కొట్టారో రైతును తప్పక అడగాలి. 2017లో మన పక్క యవత్మాళ్ జిల్లాలో పత్తిచేలల్లో మందు కొడుతూ విషం పీల్చి 20 మందికి పైగా రైతులు, కూలీలు చనిపోయారు. కొత్తగా మందు కొట్టిన చేన్లోకి పిల్లలను పంపవద్దు, మందు డబ్బాల జోలికి పోనివ్వవద్దు. గట్టులేని బావుల దగ్గర ఒక పెద్దమనిషి కాపలా ఉండాలి. తాగేనీళ్ళు వెంట తీసుకుపోవాలి.

ఇంకో రెండు మాటలు మగవారికి. ‘హుర్డా పార్టీ’ అంటే సీసాలు తీసుకుని మిత్రులతో పోవటం అనే అలవాటు కొందరిలో పెరుగుతున్నది. నేను చెప్పేది ఆ పార్టీ కాదు. రెండోది, కుటుంబంతో పోయినా ఆడవాళ్ళు పొద్దంతా పొయ్యి ముందే కూర్చుంటే అది వాళ్ళకు సెలవు కాదు, ఇంటిపని చేనుకు మారింది, అంతే. కంకులు కాల్చటం, నీళ్ళు తేవటం, పిల్లలను చూసుకోవటం మగవాళ్ళు చేయాలి. ఆమె కూడా వారమంతా మీలాగే మిల్లులో నిలబడిందే.

చేన్లో పిల్లలకు మంచివే చూపించాలనే ఆత్రం కూడా వద్దు. మేకపిల్ల, ఎడ్లబండి చూపించండి. దాంతోపాటు వంగి పత్తి తీస్తున్న ఆడకూలీల చేతులనూ చూపించండి. కిలోకు ఇంత అని లెక్కగట్టే కూలి అది. పత్తికాయ మొనలు గుచ్చుకుని వేళ్ళు ఎట్లా చీరుకుపోతాయో వాళ్ళనే అడగమనండి. బోర్డు పెట్టినచోట తోట ముచ్చటగా ఊడ్చి ఉంటుంది. మామూలు రైతు చేన్లో ఎండిన బోరు ఉంటుంది, అప్పు మాట ఉంటుంది. మన పిల్లలకు రెండోదే ఎక్కువ అర్థమవుతుంది, ఎందుకంటే అటువంటి మాటలు వాళ్ళు ఇంట్లో వింటున్నవే.

ఇప్పుడు చేయవలసిన పని. ఒకటి, భార్యాభర్తలిద్దరూ మిల్లుల్లో పనిచేసే కుటుంబాల జాబితా ప్రతి శాఖా తయారుచేయాలి. ఎవరి సెలవు ఏ వారమో అందులో రాయాలి. రెండు, నెలకు ఒక్కసారైనా ఇద్దరికీ ఒకేనాడు, వీలైతే పిల్లల బడి సెలవునాడు, వారపు సెలవు ఇవ్వాలని యాజమాన్యాలను లిఖితపూర్వకంగా అడగాలి. దీనివల్ల మిల్లుకు ఒక్క కోను తగ్గదు, సెలవుల పట్టీని సర్దితే చాలు. మూడు, వేళా అమావాస్య నాడు సెలవు కావాలన్నవారికి బదులు సెలవు కింద ఇవ్వాలని కోరాలి. నాలుగు, పది పదిహేను కుటుంబాలు కలిసి ఒక బండి మాట్లాడుకుని, తెలిసిన చిన్నరైతు చేనుకు పోవాలి. చందా వేసుకుని ఆ రైతు చేతిలోనే డబ్బు పెట్టాలి. పిలిచి పెట్టినవాడు వద్దన్నా అతని ఇంటి పిల్లల పుస్తకాలకని ఇచ్చి రావాలి. కాంట్రాక్టు కార్మికుల పిల్లలను చందా అడగకుండా ముందు ఎక్కించాలి.

ఇది చిన్న కోరిక. గేటు ముందు జెండా పాతవలసినంత పెద్దదిగా కొందరికి కనబడకపోవచ్చు. కాని 1884లో వారానికి ఒక్కరోజు అడిగినప్పుడు కూడా అది చిన్న కోరికే. దాన్ని ఇవ్వటానికి యజమానులకు ఆరేళ్ళు పట్టింది. మన పిల్లలకు ఆరేళ్ళు ఆగే తీరిక లేదు, ఈలోపు వాళ్ళు పెద్దవాళ్ళైపోతారు. జాబితాలు ఈ నెలలోనే మొదలుపెట్టండి.

— కార్యదర్శి, నాందేడ్